ఒంగోలు క్లౌ దొరగారు

ఒంగోలు సంఘమనగానే మనవారికి గుండ్లకమ్మ ఏటిలో ఒక్కదినమున జరిగిన బాప్తిస్మములే జ్ఞాపకము వచ్చును. అంతకు పదునొకండ్ల పూర్వము ఒక పల్లెలోని చింతతోపులో జరిగిన సంగతి అంతగా స్మరింపబడదు.

జాన్ ఎవరెట్ క్లౌ 1836లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున జన్మించి, యౌవనమున భూములు కొలుచు సర్వేయరు పని నేర్చిరి. 1865లో జూయెట్ గారితో నెల్లూరు చేరి, 1866 సెప్టెంబరులో ఒంగోలునందు కాపురముండిరి. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో అచ్చట సంఘము ఏర్పడెను.

ఆ దినములలో యర్రగుంట్ల పేరయ్య అను మాదిగ పెద్ద ఉండెను. తోళ్ల వ్యాపారమునకై ఉత్తరదేశమునకు పోయినప్పుడు సువార్త విని, 1866లో తన భార్య నాగమ్మతో కూడ బాప్తిస్మము పొందెను. ఒంగోలునకు పడమట దూరముననున్న తాళ్లకొండపాడు ఆయన ఊరు. తాను విన్నదానిని ఆయన చుట్టుప్రక్కల పల్లెలలో చెప్పుచు తిరిగెను. 1867 జనవరిలో దొరగారు అచ్చటికి పోయి చింతతోపులో డేరా వేయగా, జనులు ఆహారము మూటగట్టుకొని వచ్చి, దినముల తరబడి వాక్యము వినిరి. చివరకు 28 మంది బాప్తిస్మము పొందిరి.

ఇక్కడనే చిక్కు వచ్చెను. ఒంగోలులో పై కులములవారు కొందరు దొరగారిపై ఆదరము గలిగి, తమ పిల్లలను ఆయన బడికి పంపుచుండిరి. మాదిగలను చేర్చుకొన్నచో తాము రాలేమని వారు తెలిపిరి. పండితులు ముందు వచ్చినచో తక్కినవారు తామే వత్తురని తలంచుట ఆ కాలపు మిషనెరీలలో అనేకుల అభిప్రాయము. క్లౌ గారికిని ఆ ఆశ లేకపోలేదు. కలవరపడి ఆయన ఒక గదిలో క్రొత్త నిబంధన తెరువగా, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయమున, లోకములో నీచులైనవారిని దేవుడు ఏర్పరచుకొనుటను గూర్చిన మాటలు కంటబడెను. వేరొక గదిలో ఆయన భార్య హారియెట్ గారికిని ఆ భాగమే తెరువబడినది. బడి పిల్లలు వెడలిపోయిరి. దొరగారు మాదిగలను విడువలేదు.

విశ్వాసులు ఆదివారమున పని మానవలెను, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. ఈ మూడు నియమములు వినుటకు స్వల్పమే. కాని ఊరి పండుగలో డప్పు కొట్టనన్నవాని బ్రతుకు ఏమగునో పల్లెటూరు ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. గ్రామాధికారులు వారిని మిక్కిలి బాధించిరి.

1876–78లో దారుణమైన కరవు వచ్చెను. అప్పుడు దొరగారి సర్వేయరు చదువు అక్కరకు వచ్చినది. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును ఆయన కంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి కల్పించిరి. బోధకులే మేస్త్రీలైరి. వేలకొలది జనులు బాప్తిస్మము కోరినను, సుమారు పదునైదు నెలలు ఆయన ఒక్కరికిని ఈయలేదు. కూటికొరకు వచ్చిరను మాట సంఘము మీద పడరాదని ఆయన పట్టు. ఆకలితో నున్నవారిని అట్లు నిలిపియుంచుట ఎంత కష్టమో ఊహింపుడు!

సహాయపు సొమ్ము నిలిచిపోయిన తరువాత, ఇక ఈయదగినదేమియు లేదని స్పష్టముగా చెప్పినను జనులు వెనుదిరుగలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో ఆరుగురు దేశీయ బోధకులు, ఇద్దరిద్దరుగా నీటిలో నిలిచి, 2222 మందికి బాప్తిస్మమిచ్చిరి.

క్లౌ గారు 1910 నవంబరు 24న రోచెస్టరు పట్టణమున ప్రభువునందు నిద్రించిరి.