పొలంలో పడి ఉన్న పడవతో భూగోళాన్ని చుట్టిన స్లోకం

ఏప్రిల్ నెలాఖరు వచ్చిందంటే ఒంటారియోలో కొన్ని ఇళ్ల డ్రైవ్‌వేల్లో టార్పాలిన్లు తీసే పని మొదలవుతుంది. చలికాలమంతా ట్రైలర్ మీద మంచు కింద పడి ఉన్న చిన్న తెరచాప పడవను కడగాలి, ట్రైలర్ చక్రాల బేరింగులకు గ్రీజు పెట్టాలి, తాళ్లు ఒక్కొక్కటీ చేత్తో తడిమి చూడాలి. ఇవన్నీ అయ్యాకే మే లాంగ్ వీకెండ్‌కి సిమ్కో సరస్సుకో, జార్జియన్ బేకో లాక్కెళ్లేది. మనవాళ్లెవరైనా ఈ సరదాలో పడితే మొదట తెలిసేది ఒక్కటే: పడవ కొనడం తేలిక, దాన్ని నిలబెట్టుకోవడం కష్టం. ఆ కష్టాన్ని బాగా ఎరిగినవాడు, చివరి రోజుల్లో దాన్నే పక్కన పెట్టేసినవాడు ఈ కెనడా గడ్డ మీదే పుట్టాడు. పేరు జాషువా స్లోకం. ఒంటరిగా తెరచాప పడవలో భూమిని చుట్టి వచ్చిన మొదటి మనిషి.

1844 ఫిబ్రవరి 20న నోవా స్కోషియాలోని మౌంట్ హాన్లీలో, పదకొండు మంది సంతానంలో ఐదోవాడిగా పుట్టాడు. అతనికి ఎనిమిదేళ్ల వయసులో కుటుంబం ఫండీ అఖాతం అంచున ఉన్న బ్రయర్ ఐలండ్‌కి చేరింది. తల్లి తండ్రి అక్కడి లైట్‌హౌస్ చూసుకునేవాడు. నాన్న జాలర్లకు తోలు బూట్లు కుట్టేవాడు, కోపిష్టి మనిషి. కొడుకు దాచుకుని చెక్కుకున్న బొమ్మ ఓడను పగలగొట్టేశాడని చెబుతారు. పద్నాలుగేళ్లకే కుర్రాడు చేపల పడవలో వంటవాడిగా పారిపోయి, తిరిగొచ్చాడు. 1860లో తల్లి పోయాక మాత్రం ఇల్లు వదిలి ఓడెక్కాడు. ఆ తర్వాత అతని బతుకంతా నీళ్ల మీదే.

పాతికేళ్లు దాటేసరికే కెప్టెన్. 1871లో సిడ్నీలో వర్జీనియా వాకర్‌ని పెళ్లి చేసుకున్నాడు. ఆమె కాపురం చేసింది ఓడల్లోనే, పిల్లల్ని కన్నదీ ఓడల్లోనో ఏదో రేవులోనో. ఏడుగురు పుడితే నలుగురు దక్కారు. 1884లో బ్యూనోస్ ఐరిస్ రేవులో ఆమె కన్నుమూసింది. అక్కడి నుంచి స్లోకం దశ తిరగబడిందని అతని జీవితం రాసినవాళ్లంతా అంటారు. నాకూ అలాగే అనిపిస్తుంది. 1887లో సొంత ఓడ అక్విడ్నెక్ బ్రెజిల్ తీరంలో ఇసుక మేటల మీద ముక్కలైంది. చేతిలో డబ్బు లేదు, పక్కన రెండో భార్య హెన్రియెట్టా, ఇద్దరు కొడుకులు. అక్కడే దొరికిన కలపతో 35 అడుగుల పడవ కట్టి, చైనా పడవల పద్ధతిలో తెరచాపలు పెట్టాడు. బ్రెజిల్‌లో బానిసత్వం రద్దయిన 1888 మే 13నే దాన్ని నీళ్లలోకి దింపాడు. అందుకే దాని పేరు లిబర్దాదె, అంటే స్వేచ్ఛ. కుటుంబమంతా అందులోనే అమెరికా చేరింది. హెన్రియెట్టా మాత్రం ఆ తర్వాత దూర ప్రయాణానికి ససేమిరా అంది. ఆమెను తప్పు పట్టలేం.

ఇక ఒడ్డు మీద పని దొరకలేదు. ఆవిరి ఓడలు వచ్చి తెరచాప కెప్టెన్లను రోడ్డున పడేసిన కాలమది. 1892లో ఈబెన్ పియర్స్ అనే ముసలి తిమింగలాల వేట కెప్టెన్, కొంచెం రిపేరు అవసరమైన ఓడ ఒకటుంది, ఊరికే ఇస్తానన్నాడు. మసాచుసెట్స్‌లోని ఫెయిర్‌హేవెన్ వెళ్లి చూస్తే అది నీళ్లలో లేదు. పొలంలో, దన్నుల మీద, గుడ్డ కప్పుకుని ఏళ్ల తరబడి నిలబడి ఉన్న పుచ్చిపోయిన పాత పడవ. పేరు స్ప్రే.

వేరేవాళ్లయితే నవ్వేసి వెళ్లిపోయేవాళ్లు. స్లోకం దగ్గర్లోని ఓక్ చెట్టు కొట్టి కొత్త వెన్నుదూలం చెక్కాడు. పక్కటెముకల కర్రల్ని ఆవిరిలో మెత్తబరిచి వంచాడు. అంగుళంన్నర మందం జార్జియా పైన్ పలకలు బిగించి, సందుల్లో ముందు నూలు, దాని మీద తారు పట్టించిన జనపనార దిట్టంగా కూరాడు. అడుగున నాచు, పురుగు పట్టకుండా రెండు పూతలు రాగి రంగు. మన తాళ్లరేవులో కొయ్య పడవలు కట్టేవాళ్లని చూసినవాళ్లకి ఈ పని కొత్తగా ఉండదు. పాత చెక్క తీసిన చోటల్లా కొత్తది పెడుతూ పోతే చివరికి పాత స్ప్రేలో మిగిలింది దాదాపు పేరే. మధ్యలో ఖర్చులకు ఊళ్లో ఓడల పనికి వెళ్లేవాడు. మొత్తం 13 నెలలు పట్టింది. సామాన్లకైన ఖర్చు 553 డాలర్ల 62 సెంట్లు. సెంట్లతో సహా లెక్క రాసుకున్న మనిషి!

పడవ పొడవు 36 అడుగుల 9 అంగుళాలు, వెడల్పు 14 అడుగుల 2 అంగుళాలు. ట్రైలర్‌కి ఎక్కే సరుకు కాదు. 1959లో ఒంటారియోలో పుట్టిన షార్క్ 24 టన్ను బరువుంటుంది, వాహనం వెనక కట్టుకుపోవచ్చు. కానీ పాత పడవ కొని ఇంటి ముందు పెట్టుకుని, ఏ పలక పుచ్చింది, ఎక్కడ నీరు కారుతోంది అని వారాంతాల్లో తల పట్టుకునే ఎవరికైనా స్లోకం చేసిన పని తమదే అనిపిస్తుంది.

1895 ఏప్రిల్ 24న బోస్టన్‌లో బయల్దేరాడు, వయసు 51. ఈత రాదు. ముందు పుట్టింటి బ్రయర్ ఐలండ్‌కి వెళ్లి, పడవ సరి చూసుకుని, జులై మొదట్లో యార్మత్ నుంచి అట్లాంటిక్‌లోకి దిగాడు. ఓడలకు వాడే ఖరీదైన గడియారం బాగు చేయించాలంటే 15 డాలర్లు అడిగారని, యార్మత్‌లో అద్దం పగిలిన రేకు గడియారం బేరమాడి డాలరుకే కొన్నాడు. జిబ్రాల్టర్ దాకా వెళితే, మధ్యధరాలో దొంగల భయం ఉందని అక్కడి నేవీ అధికారులు హెచ్చరించారు. వెనక్కి తిరిగి మళ్లీ అట్లాంటిక్ దాటి దక్షిణ అమెరికా వైపు సాగాడు. బ్యూనోస్ ఐరిస్‌లో తెరచాప స్తంభాన్ని ఏడడుగులు కోయించాడు. దక్షిణాన గాలులు భీకరం, పొడుగు స్తంభం ప్రమాదం. మెజెల్లాన్ జలసంధిలో రాత్రిళ్లు దోపిడీకి వస్తారని డెక్ నిండా తివాచీ మేకులు మొన పైకి చల్లి పడుకున్నాడు. వచ్చినవాళ్లు కేకలు పెడుతూ నీళ్లలోకి దూకారు. పిల్లలకు చెబితే ఇదే మళ్లీ మళ్లీ అడుగుతారు.

టాస్మేనియాలోని డెవన్‌పోర్ట్‌లో పడవను ఒడ్డుకెక్కించి, చెక్కను తొలిచే పురుగు పట్టిందేమో అడుగంతా వెతికాడు. ఎక్కడా లేదు. అయినా ముందున్నవి వెచ్చటి సముద్రాలని మరో పూత రాగి రంగు వేశాడు. ఆ శ్రద్ధకు ఫలితం హిందూ మహాసముద్రంలో కనిపించింది. థర్స్‌డే ఐలండ్ నుంచి కీలింగ్ దీవుల వరకు 2,700 మైళ్లు, 23 రోజులు. చుక్కాని కట్టేస్తే పడవ తన దారిన తాను పోయింది. అతను చుక్కాని పట్టుకున్నది మొత్తం మూడు గంటలు కూడా కాదు. మిగతా సమయమంతా చదువు, వంట, కుట్టు. 1897లో మారిషస్, తర్వాత డర్బన్ చేరాడు. కోరంగి, మద్రాసు రేవుల నుంచి చెరకు తోటలకు వెళ్లిన మన తెలుగువాళ్లు అప్పటికే ఆ రెండు చోట్లా స్థిరపడి ఉన్నారు.

1898 జూన్ 27న న్యూపోర్ట్‌లో లంగరు వేశాడు. 46 వేల మైళ్లకు పైగా. కొన్నాళ్లకే ఫెయిర్‌హేవెన్ వెళ్లి, పడవను తొలిసారి నీళ్లలోకి దింపినప్పుడు కట్టిన దేవదారు గుంజకే మళ్లీ కట్టాడు. 1900లో వచ్చిన పుస్తకం ఇప్పటికీ అచ్చవుతూనే ఉంది.

ఇక్కడితో ఆపేస్తే కథ బాగుంటుంది కానీ నిజం కాదు. మార్తాస్ విన్‌యార్డ్‌లో పొలం కొన్నాడు, ఒడ్డు మీద నిలవలేకపోయాడు. 1906లో న్యూజెర్సీలోని రివర్టన్‌లో ఒక బాలిక విషయంలో అరెస్టయ్యాడు. మొదటి తీవ్ర అభియోగాన్ని తగ్గించారు, తగ్గించినదాన్ని అతను కోర్టులో ఎదుర్కోలేదు. 42 రోజులు జైల్లో ఉన్నాడు. అభిమానులు రాసే కథల్లో ఇది చాలాసార్లు కనిపించదు. ఏటా చలికి కరీబియన్ వెళ్లి వచ్చేవాడు. ఆ రోజుల్లో స్ప్రేను చూసినవాళ్లు దాని తాళ్లు చీకిపోయాయని, పడవంతా మురికిగా, ఆలనాపాలనా లేకుండా ఉందని రాశారు. పురుగు లేదని తెలిసినా మరో పూత వేసిన మనిషి అతనే.

ఒరినోకో నది మీదుగా అమెజాన్ చూడాలని ఒక నవంబరులో విన్‌యార్డ్ నుంచి బయల్దేరాడు. కొందరు 1908 అంటారు, కొందరు 1909 అంటారు. మళ్లీ ఎవరికీ కనపడలేదు. చీకట్లో ఏదో స్టీమరు గుద్ది ఉంటుందని పెద్ద కొడుకు విక్టర్ నమ్మాడు. చివికిన పలక ఏదో తుపానులో విడిపోయి ఉంటుందని మరికొందరు నావికులు అన్నారు. 1924లో కోర్టు అతను చనిపోయినట్టు ప్రకటించింది.

హాలిఫాక్స్ వైపు వెళ్లే తెలుగు కుటుంబాలు డిగ్బీ మీదుగా రెండు ఫెర్రీలు మారితే బ్రయర్ ఐలండ్ వస్తుంది. తిమింగలాలు చూడటానికి వెళ్లేవాళ్లే ఎక్కువ. దీవి దక్షిణపు అంచున స్లోకం పేరిట రాళ్లు పేర్చి కట్టిన చిన్న స్మారకం ఉంది. అక్కడి నుంచి చూస్తే ఎదురుగా అంతా సముద్రమే.