ఆంధ్రకేసరి ప్రకాశం పంతులుగారి లెక్క

నలుగురు చేరి పత్రికలు చదువుకొను చోట పాలకుల ప్రసంగము రాక మానదు. ఏ ముఖ్యమంత్రి కాలమున ఏ కాలువ త్రవ్విరి, ఎవరి కాలమున ధరలు పెరిగెను, ఎవరు ప్రజలకు మేలు చేసిరి అను చర్చ మన గ్రంథాలయమునకు పత్రికలతోపాటే వచ్చినది. మన ప్రాంతపు పిల్లలు అమెరికా వెళ్ళి స్థిరపడిన పిమ్మట ఆ దేశాధ్యక్షుల మంచిచెడ్డలు కూడ ఈ బల్లమీదికి వచ్చినవి. విషయము మారినను వాదరీతి మారలేదు. ఒక పక్షమువాడు తన నాయకుని సుకృతములను మాత్రమే వల్లించును. ఎదుటి పక్షమువాడు అతని దోషములను మాత్రమే ఏకరువు పెట్టును. ఇద్దరును అసత్యమాడరు. అయినను ఇద్దరివలనను సత్యము తెలియదు. ద్రోణపర్వమున ధర్మరాజు నోట వెలువడిన మాటయు సగము సత్యమే. మిగిలిన సగము ద్రోణుని చెవిని పడలేదు. అంతవరకు నేలకు నాలుగంగుళముల యెత్తున నడచిన ధర్మరాజు రథము ఆనాడు నేలనంటెనని పెద్దలు చెప్పుదురు.

అమెరికాలో హెర్బర్టు హూవరు 1929 మార్చిలో అధ్యక్షపదవి స్వీకరించెను. ఎనిమిది నెలలు నిండకముందే వాణిజ్యము కుప్పకూలెను. ఆ మాంద్యము హూవరు తెచ్చినదేనా, లేక అంతకు పూర్వమునుండి పేరుకొని ఆయన నెత్తిన పడినదా అని నేటికిని అక్కడ వాదించుకొనుచున్నారు. మొదటి ప్రపంచయుద్ధకాలమున బెల్జియము ప్రజలకు అన్నము పెట్టించిన వాడును ఆ హూవరే. ట్రూమన్ 1953లో పదవి విడిచినప్పుడు ఆయనను మెచ్చినవారు స్వల్పము. తరువాతి చరిత్రకారులు ఆయనకు మంచి స్థానమే యిచ్చిరి. కావున పాలకుని లెక్క ఆయన దిగిపోయిన దినముననే తేలునది కాదు.

ఈ విషయమున మనకు దూరదేశపు ఉదాహరణము అక్కరలేదు. ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారి చరిత్రము చాలును. వారు రాజ్యాధికారమున నున్నది రెండు పర్యాయములు కలిపి సుమారు రెండేండ్లు మాత్రమే. ఆ రెండేండ్లను గూర్చి జరిగిన వాదములకు మాత్రము లెక్కలేదు. లెక్కలు వ్రాయుటయే జీవనోపాధిగా గల నేను వారి జీవితమును జమాఖర్చుల పద్ధతిని పరిశీలించి చదువరుల ముందుంచుచున్నాను.

పంతులుగారు 1872 ఆగస్టు 23వ తేదీన ఒంగోలు ప్రాంతమునందలి వినోదరాయునిపాలెమున గోపాలకృష్ణయ్య, సుబ్బమ్మ దంపతులకు జన్మించిరి. బాల్యముననే తండ్రి గతించెను. తల్లి ఒంగోలులో పూటకూళ్ళ యిల్లు నడపి బిడ్డలను పెంచెను. ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారను ఉపాధ్యాయులు ఈ బాలుని తెలివిని గుర్తించి, తాము రాజమహేంద్రవరమునకు మారినప్పుడు వెంటబెట్టుకొనిపోయి చదివించిరి. ఆ గురువు చేయూతయే లేకున్నచో ఆ పిల్లవాని చదువు అంతటితో ఆగియుండెడిది. తరువాత మద్రాసులో న్యాయశాస్త్రము చదివి, రాజమహేంద్రవరమున వకీలుగా పేరు గాంచి, ఆ పట్టణ పురపాలక సంఘాధ్యక్షులైరి. 1904లో ఇంగ్లండు వెళ్ళి బారిష్టరై, 1907లో తిరిగివచ్చి మద్రాసు హైకోర్టులో అపారమైన ధనము నార్జించిరి.

అట్టి వృత్తిని 1921లో గాంధీమహాత్ముని పిలుపు మీద తృణప్రాయముగా విడిచిరి. అదే సంవత్సరమున స్వరాజ్య పత్రికను స్థాపించి, పుష్కరకాలమునకు మించి దానిని నిలుపుటకు తమ యార్జనమంతయు ధారపోసిరి. 1928 ఫిబ్రవరి 3వ తేదీన సైమను సంఘమును బహిష్కరించు సందర్భమున మద్రాసులో పోలీసులు కాల్పులు జరిపిరి. తుపాకులు అడ్డము వచ్చినప్పుడు పంతులుగారు తమ రొమ్ము చూపి ముందుకు నడచిరి. ఆంధ్రకేసరి యను బిరుదమునకు ఆ దినమే మూలము. ఉప్పు సత్యాగ్రహమునందును, 1942 ఉద్యమమునందును కారాగారవాస మనుభవించిరి. ఇంతవరకు వారి చరిత్రలో పక్షభేదములేదు, అందరును నమస్కరించువారే. తగవు పరిపాలనముతో మొదలైనది.

1937 ఎన్నికలలో జస్టిసు పక్షము ఓడిపోయెను. మన పొరుగున బొబ్బిలి రాజావారే వి.వి. గిరిగారి చేతిలో పరాజితులైరి. రాజగోపాలాచార్యులవారి మంత్రివర్గమున ప్రకాశంగారు రెవిన్యూ మంత్రియై, జమీందారీ విచారణ సంఘమునకు అధ్యక్షులైరి. భూమికి యజమాని రైతేగాని జమీందారు కాడనియు, జమీందారు శిస్తు వసూలు చేయువాడు మాత్రమేయనియు, శిస్తును 1802 నాటి శాశ్వత పరిష్కారకాలపు స్థాయికి తగ్గింపవలెననియు ఆ సంఘము నివేదించెను. జమీందారీలతో నిండిన మన ఉత్తరాంధ్రమున ఆ నివేదిక రైతుకు ఎంతటి ఆశ కల్పించెనో ఊహింపవచ్చును. కాని అది శాసనముగా మారకముందే 1939 అక్టోబరులో మంత్రివర్గము రాజీనామా నిచ్చెను. మరుసటి యేడు, 1940లో, మందసా జమీందారీలో రైతులపై తుపాకులు ప్రేలెను. వీర గున్నమ్మ నేలకొరగెను.

శిస్తు తగ్గింపు చట్టము 1947లోను, జమీందారీ రద్దు చట్టము 1948లోను వచ్చినవి. రెండవ చట్టమునాటికి ప్రధానమంత్రిత్వమున నున్నవారు ఓమందూరు రామస్వామి రెడ్డియారుగారు. ఈ పద్దు ఎవరి పేర వ్రాయవలెను? ప్రకాశంగారి అభిమానులు మొత్తమును వారి ఖాతాకు జమకట్టుదురు. ప్రత్యర్థులు చట్టముపైనున్న సంతకమును మాత్రమే చూతురు. విత్తినవాడొకడు, నూర్చినవాడొకడు అయినప్పుడు పంట ఒకరిదే యనుట న్యాయము కాదు. విచారించి మార్గము చూపినవారు ప్రకాశంగారు. దానిని శాసనము చేసి నడపినవారు తరువాతివారు. ఇరువురకును జమ కట్టవలసినదే.

1946 ఏప్రిలు 30వ తేదీన, తమ 73వ యేట, పంతులుగారు ఉమ్మడి మద్రాసు రాష్ట్రమునకు ప్రధానమంత్రులైరి. గ్రామములను కొన్ని కూటములుగా చేసి బాగుచేయు ఫిర్కా అభివృద్ధి పథకము వారి కాలమున ప్రారంభమైనది. కొత్త నూలుమిల్లులు వలదనియు, గ్రామములందు ఖద్దరు వర్ధిల్లవలెననియు పట్టుబట్టి, రాష్ట్రమునకు రావలసిన కొత్త కదుళ్ళను నిరాకరించిరి. బట్టకు కరవున్న ఆ దినములలో ఇది సరియైన నిర్ణయమా? చేనేతవాని కూడు నిలుపుటకని ఒకరు, రాష్ట్రపు పరిశ్రమను వెనుకకు నెట్టుటయని యింకొకరు నాడే వాదించిరి. ఉద్దేశము గొప్పదైనను, మిల్లులను ఆపి ఖద్దరుతో అందరికిని బట్ట సమకూర్చు శక్తి నాటి ప్రభుత్వమునకు లేదని నా యభిప్రాయము. 1947 ఆరంభమున అత్యవసర శాసనముతో అనేకులైన కమ్యూనిస్టులను విచారణలేక నిర్బంధించిరి. పరప్రభుత్వపు తుపాకికి ఎదురు నిలిచిన మహనీయునికి అది శోభ తెచ్చిన పని కాదు. ఈ రెండు పద్దులు ఖర్చువైపున వ్రాయకున్నచో లెక్క సరిపడదు.

1947 మార్చిలో స్వపక్షమువారే వారిని దించిరి. 1951లో కాంగ్రెసును విడిచి ప్రజాపార్టీ స్థాపించిరి. 1952 ఎన్నికల పిమ్మట 375 స్థానముల శాసనసభలో కాంగ్రెసు వారికి 152 మాత్రమే వచ్చినవి. అంతకు అయిదేండ్ల క్రితము తాము నిర్బంధించిన కమ్యూనిస్టులతో కూడిన కూటమికే ప్రకాశంగారు నాయకులై ప్రభుత్వము స్థాపింపజూచిరి. గవర్నరు రాజగోపాలాచార్యులవారినే పిలిచిరి. మరుసటి సంవత్సరము అదే కాంగ్రెసు మద్దతుతో ముఖ్యమంత్రులైరి. ఇది నిలుకడలేని తనమని ప్రత్యర్థులు నిందింతురు. ఆంధ్రరాష్ట్ర మను ఒకే గమ్యమునకు దారులు మార్చిరని అభిమానులు సమర్థింతురు. రెండు వాదములకును ఆధారము కలదు, చదువరి తూచుకొనవలెను.

పొట్టి శ్రీరాములుగారి ఆత్మార్పణము జరిగినది 1952 డిసెంబరు 15వ తేదీన. 1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్ర మవతరించెను. ఎనుబదియొకటవ యేట పంతులుగారు ప్రథమ ముఖ్యమంత్రులైరి. నీలం సంజీవరెడ్డిగారు ఉపముఖ్యమంత్రులు. కచ్చేరీలకు భవనములు చాలక డేరాలలో కొలువుదీర్చిన ప్రభుత్వమది. అట్టి స్థితిలో పదమూడు నెలలలో జరిగినదేమి? కృష్ణపై నూరేండ్లనాటి ఆనకట్ట 1952లో వరదకు దెబ్బతినగా, 1954 ఫిబ్రవరిలో బెజవాడవద్ద కొత్త బారేజికి శంకుస్థాపన చేసిరి. 1954 జూలైలో గుంటూరున హైకోర్టు వెలసెను. ఆ సంవత్సరముననే తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము నెలకొన్నది. బారేజి పూర్తియగునప్పటికి 1957 వచ్చెను; అప్పటికి పంతులుగారు లేరు. నేడు అది ప్రకాశం బారేజి. పని ముగించిన ఇంజనీర్ల, కూలీల, తరువాతి మంత్రుల శ్రమయు ఆ పేరులోనే యిమిడియున్నదని మరువరాదు.

ఇక వారి ప్రభుత్వమును కూల్చిన విషయము మన జిల్లాకు మిక్కిలి దగ్గరది. మద్యనిషేధము 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతట అమలులోనికి వచ్చి, కొత్త రాష్ట్రమునకు వారసత్వముగా సంక్రమించెను. తాడిచెట్లు, ఈతచెట్లు గీచి బ్రతుకు కుటుంబములు మన తీరమున వేలకొలది. వారికి చెట్టు మూతపడినది; వేరు పని దొరకలేదు. దొంగసారా మాత్రము ఆగలేదు. ప్రభుత్వము నియమించిన రామమూర్తి సంఘము నిషేధమును తీసివేయుటయే మేలని చెప్పెను. గాంధేయులైన ప్రకాశంగారి ప్రభుత్వము ఆ సలహా నంగీకరింపలేదు. గీతవృత్తివారి పక్షమున ఉద్యమము నడపినవారు బారువకు చెందిన గౌతు లచ్చన్నగారు. 1954 నవంబరులో శాసనసభలో మంత్రివర్గము ఒకే యొక ఓటు తేడాతో ఓడిపోయెను.

ఎవరిది న్యాయము? త్రాగి వచ్చిన భర్తచేత దెబ్బలు తినిన ఇల్లాలి నడిగిన ఒక సమాధానము, గీతకత్తి మూలపడవేసి పస్తులున్న యింటి యిల్లాలి నడిగిన వేరొక సమాధానము వచ్చును. ఆ రెండిండ్లును ఒకే వీధిలో నున్నవి. ప్రకాశంగారు సిద్ధాంతమును విడువక పదవిని విడిచిరి, అది గొప్పతనమే. కాని జీవనోపాధి పోయినవారికి ప్రత్యామ్నాయము చూపకుండ సిద్ధాంతమును నిలుపబూనుట లోపమే. లచ్చన్నగారు పేదల కూటికై పోరాడిరి, అదియు ధర్మమే. ఆ చిక్కు వారితో తీరలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి; 1995లో సంపూర్ణ నిషేధము మరల వచ్చెను; 1997లో మరల సడలెను. నలువది యేండ్ల పిమ్మట అధికారమునకు వచ్చినవారికిని అదే పద్దు దగ్గర కలము ఆగినది. కనుక 1954 నాటి వారిలో ఒకరిని మూర్ఖులని, ఒకరిని ద్రోహులని తేల్చివేయుట తగదు.

పదవి దిగిన పిమ్మటను పంతులుగారు ఇంటిలో కూర్చుండలేదు. 1957 వేసవిలో ఒంగోలు ప్రాంతపు హరిజనవాడలు తిరుగుచు వడదెబ్బకు గురియై, మే 20వ తేదీన హైదరాబాదులో కన్నుమూసిరి. హైకోర్టులో లక్షలు గడించిన ఆ బారిష్టరు తుదకు తమకంటూ ఆస్తి మిగుల్చుకొనలేదు. ఒంగోలు జిల్లాకు 1972లో ప్రకాశం జిల్లాయని పేరుపెట్టిరి. వారిని దించినవారును, దించుటకు ఓటు వేసినవారును కాలక్రమమున వారికి దండలు వేసిరి. ఆ దండలవలన వారి లోపములు చెరిగిపోలేదు. ఆ లోపములవలన వారి త్యాగమును తరుగలేదు.

పాలకుల లెక్క చూచునప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనుట మేలని నాకు తోచుచున్నది. మొదటిది, వెనుకటి నిలువ యెంత? అనగా ఆయన కూర్చుండునాటికి ఖజానా, కరవు, యుద్ధము, పాత చట్టములు ఏ స్థితిలో నున్నవి? రెండవది, ఈ పద్దు ఆయన చేతిదా, లేక ఇతరులది ఆయన ఖాతాలో పడినదా? మూడవది, ఒకరికి జమయైనది ఎవరికి ఖర్చైనది? ఈ మూడును అడిగినవాడు స్వపక్షమును విడువనక్కరలేదు. ఓటు తన యిష్టము వచ్చినవారికే వేయవచ్చును. కాని ఎదుటివాని మాట వినుటకు అతనికి చెవి యుండును.

ఇరువదియైదేండ్లుగా మన గ్రంథాలయము చేయుచున్న సేవ యిదియే. ఇచ్చట ప్రకాశంగారి స్వీయచరిత్రమైన నా జీవితయాత్ర యున్న బీరువాలోనే వారిని ఖండించినవారి గ్రంథములకును చోటుండవలెను. అన్ని పక్షముల పత్రికలును ఒకే బల్లమీద పరచవలెను. నచ్చని పుస్తకమును తీసివేయుడని కోరువారు ఎప్పుడైన వచ్చినచో, చిఠాలో కాగితము చింపిన వానిని ఏమందుమో వారికిని అదే చెప్పవలెను. మన పిల్లలు రేపటి పాలకుల లెక్కలు చూడవలసినవారు. వారికి పూర్తి పుస్తకము అప్పగించుట మన విధి.