కిటికీలోంచి దూసుకొచ్చిన ఇటుక.. బ్రాడ్‌వేను కదిలించిన నాటకం: ఎవరీ లొరెయిన్ హాన్స్‌బెర్రీ?

అది అమెరికాలోని షికాగో నగరం. ఆ కుటుంబం కొత్త ఇంట్లో దిగి ఎన్నో రోజులు కాలేదు. బయట తెల్లవాళ్ల గుంపు పోగైంది. ఒక్కసారిగా కిటికీ అద్దం భళ్లున పగిలింది. లోపలికి దూసుకొచ్చిన ఇటుక ఓ చిన్నారి తలకు తృటిలో తప్పింది. ఆ పాపకు అప్పటికి ఏడెనిమిదేళ్లే. వాళ్లు చేసిన తప్పల్లా ఒక్కటే.. నల్లజాతి వాళ్లయి ఉండి తెల్లవాళ్ల వీధిలో ఇల్లు కొనుక్కోవడం! ఆ పాప పేరు లొరెయిన్ హాన్స్‌బెర్రీ. 28 ఏళ్లకే ఆమె రాసిన ఓ నాటకం అమెరికా రంగస్థల చరిత్రనే మార్చేసింది.

ఇల్లు కొనడమే నేరం

లొరెయిన్ 1930 మే 19న షికాగోలో పుట్టింది. నలుగురు పిల్లల్లో ఆఖరిది. నాన్న కార్ల్ రియల్ ఎస్టేట్ వ్యాపారి. అమ్మ నానీ. డబ్బుకు లోటు లేదు. అయితేనేం.. డబ్బున్నా నచ్చిన చోట బతికే వీలు లేదు. నల్లజాతి వాళ్లంతా నగరం దక్షిణ భాగంలోని ఇరుకు వాడల్లోనే ఉండాలి. పెద్ద ఫ్లాట్లను ముక్కలు చేసి ఒక్కో గదిలో ఒక్కో కుటుంబాన్ని ఇరికించేవారు. కార్ల్ సంపాదించింది కూడా అలాంటి గదులను అద్దెకిచ్చే!

తెల్లవాళ్ల కాలనీల్లో ఇళ్ల యజమానులు ముందే ఒప్పందాలు రాసుకునేవారు. నల్లజాతి వాళ్లకు ఇల్లు అమ్మకూడదు, అద్దెకూ ఇవ్వకూడదు. ఎవరైనా మాట తప్పితే కోర్టుకెళ్లి ఆపొచ్చు. అంటే ఇది నలుగురు రౌడీలు చేసే దౌర్జన్యం కాదు. కాగితం, సంతకం, కోర్టు.. అన్నీ కలిసి కట్టిన గోడ.

1937లో కార్ల్ ఆ గోడను దాటారు. సౌత్ రోడ్స్ అవెన్యూలో ఇల్లు కొన్నారు. ఆ తర్వాత పిల్లలకు రోజూ నరకమే. బడికి వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు తిట్లు, ఉమ్మడాలు, కొట్టడాలు. కేసు పని మీద కార్ల్ వాషింగ్టన్‌లో ఉంటే.. ఇక్కడ నానీ చేతిలో పిస్టల్ పట్టుకుని రాత్రంతా ఇంటికి కాపలా కాసేవారు. నలుగురు పిల్లలు నిద్రపోవాలంటే తల్లి మేలుకుని ఉండాల్సిందే.

సుప్రీంకోర్టులో గెలిచినా..

ఇల్లు ఖాళీ చేయించాలంటూ పొరుగువాళ్లు కోర్టుకెక్కారు. ఇల్లినాయ్ సుప్రీంకోర్టు కార్ల్‌కు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. ఆయన వెనక్కి తగ్గలేదు. అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1940 నవంబరులో గెలిచారు. అదే ప్రసిద్ధి చెందిన హాన్స్‌బెర్రీ వర్సెస్ లీ కేసు.

కానీ ఇక్కడే ఉంది అసలు మెలిక. అలాంటి ఒప్పందాలు తప్పు అని కోర్టు చెప్పలేదు. ఒప్పందం అమల్లోకి రావాలంటే 95 శాతం మంది యజమానుల సంతకాలు కావాలి. ఉన్నవి దాదాపు 54 శాతమే. గత కేసులో ఈ విషయం సరిగా తేలలేదు, అందులో భాగం కాని హాన్స్‌బెర్రీలకు ఆ తీర్పును అంటగట్టకూడదు.. అంతవరకే తీర్పు. ఆ ఇల్లు దక్కింది. గోడ మాత్రం కూలలేదు. ఇలాంటి ఒప్పందాలను కోర్టులు అమలు చేయకూడదన్న తీర్పు రావడానికి 1948 దాకా ఆగాల్సి వచ్చింది.

కార్ల్ అది చూడలేదు. అమెరికాపై నమ్మకం పోయి, కుటుంబాన్ని మెక్సికోకు మార్చే ప్రయత్నంలో ఉండగానే 1946లో అక్కడే చనిపోయారు. అప్పటికి లొరెయిన్‌కు 15 ఏళ్లు. చట్టాన్ని నమ్ముకుని పోరాడిన నాన్నకు చివరికి ఏం మిగిలింది? ఈ ప్రశ్న ఆమెను వదల్లేదు.

పది వేల డాలర్ల చెక్కు

విస్కాన్సిన్ యూనివర్సిటీలో రెండేళ్లు చదివి, 1950లో న్యూయార్క్ చేరారు లొరెయిన్. గాయకుడు, నటుడు పాల్ రోబ్సన్ నడిపిన 'ఫ్రీడమ్' పత్రికలో పనిచేశారు. 1953లో రాబర్ట్ నెమిరాఫ్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆయన కలిసి రాసిన ఓ పాట సూపర్ హిట్ కావడంతో చేతికి డబ్బొచ్చింది. ఉద్యోగం మానేసి రాయడానికి కూర్చున్నారు.

అలా పుట్టిందే 'ఎ రైజిన్ ఇన్ ది సన్'. కవి లాంగ్‌స్టన్ హ్యూస్ పద్యం నుంచి తీసుకున్న పేరిది.

కథ సింపుల్‌గానే ఉంటుంది. షికాగోలో ఇరుకు ఫ్లాట్. అందులో యంగర్ కుటుంబం. పిల్లాడు ట్రావిస్‌కు పడుకోవడానికి గది లేదు, హాల్లో సోఫానే మంచం. బాత్రూమ్ పక్కింటివాళ్లతో కలిపి ఒక్కటే. తాత చనిపోతే 10,000 డాలర్ల బీమా చెక్కు వస్తుంది. నానమ్మ అందులో 3,500 కట్టి తెల్లవాళ్ల కాలనీలో ఇల్లు మాట్లాడుతుంది. కొడుకు వాల్టర్ మిగతా డబ్బును వ్యాపారమంటూ స్నేహితుడికిచ్చి నిండా మునుగుతాడు. చెల్లెలి డాక్టర్ చదువు కోసం పెట్టిన డబ్బూ అందులోనే పోతుంది.

ఇంతలో ఆ కాలనీ సంఘం మనిషి వస్తాడు. మర్యాదగానే మాట్లాడతాడు. మీరు రాకుంటే చాలు, ఎదురు డబ్బిస్తాం అన్నది అతని బేరం. చేతిలో పైసా లేని వాల్టర్ ముందు ఒప్పుకోవాలనే అనుకుంటాడు. కానీ కొడుకు ట్రావిస్ కళ్లెదుటే నిలబడి చూస్తుంటే.. ఆ డబ్బు తీసుకోలేకపోతాడు. సామాను సర్దుకుని కుటుంబం కొత్త ఇంటికి బయల్దేరుతుంది. తెర పడుతుంది.

చాలామంది దీన్ని సుఖాంతం అనుకున్నారు. కానీ ఆ కొత్త ఇంటి కిటికీలోంచి ఏం రావచ్చో లొరెయిన్‌కు బాగా తెలుసు!

బ్రాడ్‌వేపై రికార్డు

నల్లజాతి కుటుంబం కథకు పెట్టుబడి ఎవరు పెడతారు? నిర్మాత ఫిలిప్ రోజ్‌కు డబ్బు కూడగట్టడానికే ఏడాదికి పైగా పట్టింది. చివరికి 1959 మార్చి 11న ఎథెల్ బ్యారీమోర్ థియేటర్‌లో తెర లేచింది. నల్లజాతి మహిళ రాసిన నాటకం బ్రాడ్‌వే ఎక్కడం అదే మొదటిసారి. దర్శకుడు లాయిడ్ రిచర్డ్స్ కూడా నల్లజాతి వారే. వాల్టర్‌గా సిడ్నీ పోయిటియర్ నటించారు. మొత్తం 530 ప్రదర్శనలు! న్యూయార్క్ విమర్శకుల అవార్డూ దక్కింది. ఆ అవార్డు అందుకున్న తొలి నల్లజాతి రచయిత ఆమే. 1961లో సినిమాగానూ వచ్చింది.

పేరొచ్చాక ఆమె మౌనంగా కూర్చోలేదు. 1963 మేలో రచయిత జేమ్స్ బాల్డ్విన్‌తో కలిసి అటార్నీ జనరల్ రాబర్ట్ కెనెడీని కలిశారు. నల్లజాతి వాళ్ల బాధ ఆయనకు ఎక్కడం లేదనిపించి, ఆ సమావేశం నుంచి లేచి వచ్చేశారు.

34 ఏళ్లకే..

క్యాన్సర్ ఆమెను ఎక్కువ కాలం బతకనివ్వలేదు. 1965 జనవరి 12న 34 ఏళ్లకే కన్నుమూశారు. బ్రాడ్‌వేలో ఆడుతున్న ఆమె రెండో నాటకం కూడా అదే రోజు ఆగిపోయింది. ఇళ్ల అమ్మకాల్లో, అద్దెల్లో జాతి వివక్షను నిషేధిస్తూ అమెరికా చట్టం తెచ్చింది 1968లో. నాన్నలాగే కూతురూ దాన్ని చూడలేదు.

నాటకం మాత్రం ఆగలేదు. 2014లో డెంజెల్ వాషింగ్టన్ హీరోగా, తొలిసారి ఆడిన అదే థియేటర్‌లో మళ్లీ తెర లేచింది. ఇక షికాగోలో ఇటుక పడ్డ ఆ ఇల్లు? 2010లో నగరం దాన్ని చారిత్రక కట్టడంగా ప్రకటించింది. ఒకప్పుడు ఆ కుటుంబాన్ని ఖాళీ చేయమన్న వీధిలోనే.. ఇప్పుడది హాన్స్‌బెర్రీ ఇల్లు.