సవరల గురువు గిడుగు రామమూర్తి

గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరారు. ఆ ప్రాంతపు కొండలలో నివసించే సవరలకు నాడు చదువు అందని ఫలం. పంతులుగారు తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట ఉంచుకొని ఆ భాష అభ్యసించారు. అందులో వాచకాలు వ్రాసి, సొంత ఖర్చుతో బడులు పెట్టారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోగా, ఆ సొమ్మును సవరల బడులకే వినియోగించమని కోరారు. ఆయన రచించిన సవర వ్యాకరణం 1931లో వెలువడింది.

తెలుగునాట ఆయన నడిపిన వ్యావహారిక భాషోద్యమంలోనూ ఇదే దృష్టి కనిపిస్తుంది. నోట లేని గ్రాంథికాన్ని బడిలో నిర్బంధిస్తే విద్య కొద్దిమంది సొత్తుగానే మిగిలిపోతుందని వాదించారు. 1919లో ‘తెలుగు’ మాసపత్రికను స్థాపించారు.

1936 ఏప్రిల్ 1న ఏర్పడిన ఒడిషా రాష్ట్రంలో పర్లాకిమిడి చేరింది. తెలుగువారు అధికంగా ఉన్న పట్టణాన్ని అలా చేర్చడాన్ని ఆయన నిరసించారు. అర్ధశతాబ్దికి పైగా నివసించిన ఊరిని వృద్ధాప్యంలో విడిచి రాజమహేంద్రవరం చేరారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

ఆయన జన్మదినాన్ని నేడు తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. మన పిల్లలకు తెలుగు బడి కావాలని కోరే సరిహద్దు తెలుగువారు, సవర బిడ్డకు సవర బడి కావాలన్న ఆయన మాటనూ మరువరాదు. ఆ రెండూ ఒకే న్యాయం.