గోదావరి దాటిన వెలుగు – డాక్టర్ కె.ఎల్.రావు గారు

పినపాక, బూర్గంపాడు వైపు ఉద్యోగం చేసిన మిత్రులకు కరెంటు టవర్లు కొత్త కాదు. లోయర్ సీలేరు నుండి పాల్వంచకు వచ్చే 220 కిలోవోల్టుల లైను గోదావరి దాటి రావలసిందే. నది నడుమ పునాది వేయడం ఖర్చుతో, ప్రమాదంతో కూడిన పని. అందుకని వీలైనంత వరకు గట్ల మీదనే టవర్లు నిలిపి తీగ లాగుతారు. దూరం పెరిగినకొద్దీ తీగ కిందికి వేలాడుతుంది, ఎండకు మరింత సాగుతుంది. ఎంత వరద వచ్చినా నీటికి, తీగకు ఎడం ఉండాలి. అందుకే వాటికి అంత ఎత్తు.

వాటిని చూసినప్పుడల్లా నాకు డాక్టర్ కానూరి లక్ష్మణరావు గారు గుర్తుకు వస్తారు. ఆయన 1902 జూలై 15న కృష్ణా జిల్లా కంకిపాడులో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నారు. బడిలో ఆటలాడుతుండగా దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయింది. అయినా గిండీలో ఇంజనీరింగు చదివి, రంగూన్‌లో పాఠాలు చెప్పి, 1939లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందారు. స్వదేశానికి వచ్చి ప్రభుత్వ ఇంజనీరుగా ఎన్నో ఆనకట్టలకు రూపకల్పన చేశారు. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ రాతి కట్టడంగా లేవడంలో ఆయన పాత్ర పెద్దది.

తరువాత విజయవాడ నుండి లోక్‌సభకు ఎన్నికై, 1963లో కేంద్ర నీటిపారుదల, విద్యుత్ శాఖల మంత్రి అయ్యారు. ఆ ఏడే పద్మభూషణ్ వచ్చింది. ఆనాడు ఏ రాష్ట్రం కరెంటు ఆ రాష్ట్రానిదే. ఒకచోట మిగులు, పక్కనే చీకటి. 1964లో దేశాన్ని ఐదు విద్యుత్ ప్రాంతాలుగా విభజించి, రాష్ట్రాల లైన్లను కలిపే పనికి పునాది వేశారు. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడింది కూడా ఆయన హయాంలోనే.

ఈ రెండో పని విలువ మా ఏజెన్సీ వారికి బాగా తెలుసు. నేను గుమాస్తాగా ఉన్న రోజుల్లో నెత్తిమీద లక్షల వోల్టుల తీగ పోతున్నా, దాని కింద గూడేల్లో కిరసనాయిలు బుడ్డే వెలిగేది. పెద్ద లైను కరెంటును నేరుగా ఇంటికి తీసుకోలేము. సబ్‌స్టేషన్ కావాలి, ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, చిన్న స్తంభాలు కావాలి. వీటన్నిటికీ డబ్బు కావాలి. నలభై ఇళ్ళ గూడెం నుండి ఆ ఖర్చు తిరిగి రాదు. ఆ సంస్థ అప్పు ఇచ్చి ఆదుకున్నది అటువంటి పనులకే.

రావు గారు 1986 మే 18న కన్నుమూశారు. మూడు నెలలు తిరక్కుండానే, ఆగస్టు 16న, భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు చేరింది. ఇంజనీర్లు వరద లెక్క ఎందుకంత జాగ్రత్తగా వేస్తారో ఆనాడు మాకందరికీ అర్థమైంది.

పులిచింతల జలాశయానికి నేడు ఆయన పేరే ఉంది. మణుగూరు, పినపాక నేల మీద 2020–22 మధ్య 1080 మెగావాట్ల భద్రాద్రి విద్యుత్కేంద్రం పని మొదలుపెట్టింది. మన మనుమలకు స్విచ్చి వేస్తే దీపం వెలగడం వింత కాదు. ఈసారి భద్రాద్రి రాముణ్ణి చూడబోయేటప్పుడు వారికి దారిలో ఒక టవరు చూపించి, ఒంటి కన్నుతో దేశానికి వెలుగు చూపిన ఈ కంకిపాడు పెద్దమనిషి కథ చెప్పండి.