వాలెస్ ఆక్రాయిడ్

వాలెస్ రడెల్ ఆక్రాయిడ్ (1899 - 1979) ఐర్లండుకు చెందిన సుప్రసిద్ధ పోషకాహార శాస్త్రవేత్త. 1935 నుండి 1945 వరకు నీలగిరి కొండలలోని కూనూరు పోషకాహార పరిశోధనాలయానికి సంచాలకుడిగా పనిచేశాడు. భారతీయులు తినే ధాన్యాలలోని పోషక విలువలను కొలిపించి పట్టికలుగా ప్రచురించాడు. ఉత్తర సర్కారులలో ప్రబలిన బెరిబెరి వ్యాధికి, అక్కడివారు తినే బియ్యానికి గల సంబంధాన్ని పరిశోధించిన వారిలో ముఖ్యుడు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఆ కూనూరు పరిశోధనాలయం నుండి ఏర్పడినదే.

తొలి జీవితం

ఆక్రాయిడ్ డబ్లిన్ నగరంలో జన్మించాడు. అక్కడి ట్రినిటీ కళాశాలలో వైద్యవిద్య అభ్యసించాడు. కొంతకాలం ఉత్తర అమెరికాలోని న్యూఫౌండ్‌లాండులో వైద్యుడిగా ఉన్నాడు. చలికాలమంతా తెల్లని గోధుమపిండి రొట్టె, తేనీరులతో గడిపే జాలరి కుటుంబాలలో బెరిబెరిని చూశాడు. వరి అన్నం తినేవారికి వచ్చే వ్యాధి గోధుమ తినేవారికీ రావడం ఈయన దృష్టిని ఆకర్షించింది. తవుడు తీసివేసిన ధాన్యం ఏదైనా ఫలితం ఒకటే. 1931లో జెనీవాలోని నానాజాతి సమితి ఆరోగ్య విభాగంలో చేరాడు.

కూనూరు పరిశోధనాలయం

ఈ పరిశోధనాలయానికి 1918లో బెరిబెరి విచారణతో పునాది వేసినవాడు రాబర్ట్ మెకారిసన్. ఆయన తరువాత 1935లో ఆక్రాయిడ్ సంచాలకుడయ్యాడు. అంతకుముందు విటమినులను జంతువుల మీదనే అంచనా వేసేవారు. తెల్లబియ్యం మాత్రమే మేపిన పావురం జబ్బుపడిన తరువాత, పరీక్షించవలసిన ఆహారం ఎంత పెడితే కోలుకుంటుందో చూసేవారు. 1936లో బి1 విటమినును కృత్రిమంగా తయారుచేయడంతో కొలతకు స్వచ్ఛమైన ప్రమాణం లభించింది. 1937లో ఆక్రాయిడ్ భారతీయ ఆహారపదార్థాల పోషక విలువల పుస్తకాన్ని వెలువరించాడు.

బియ్యం సమస్య

మద్రాసు రాష్ట్రంలో బెరిబెరి ముఖ్యంగా ఉత్తర సర్కారులలోనే కనిపించేది. కాళ్ళు తిమ్మిరెక్కడం, నీరు పట్టడం, గుండె బలహీనపడడం దీని లక్షణాలు. తల్లిపాలలో బి1 లోపించినందున పసిబిడ్డలు హఠాత్తుగా మరణించేవారు. దక్షిణాన అరవ జిల్లాలలోని పేదలూ వరి అన్నమే తిన్నా, వారిలో ఈ వ్యాధి అరుదు. వారు తినేది ఉప్పుడు బియ్యం. సర్కారులలో తినేది మరపట్టిన పచ్చి బియ్యం.

వడ్లను నానబెట్టి ఉడికించినపుడు పై పొరలలోని బి1 నీటితోబాటు గింజ లోపలికి ఇంకుతుంది. తరువాత మరపట్టినా చాలావరకు నిలుస్తుంది. పచ్చి వడ్లను మరపడితే అది తవుడుతో పోతుంది. మిగిలినదానిలో కొంత బియ్యం కడిగిన నీటితో కుడితిలోకి, మరికొంత వంచిన గంజితో పోతుంది. అందుచేత గింజలో ఉన్నది కొలిస్తే చాలదు, కంచంలోకి వచ్చినది కొలవాలి. ఆక్రాయిడ్, ఆయన సహచరులు కృష్ణన్, పాస్‌మోర్, సుందరరాజన్ ఈ విషయాలను చర్చిస్తూ 1940లో భారతదేశపు బియ్యం సమస్యపై గ్రంథం ప్రచురించారు.

1937 నాటి పుస్తకానికి పరంపరగా 1971లో వెలువడిన పట్టికల ప్రకారం 100 గ్రాములలో బి1 (మిల్లీగ్రాములు):
* పచ్చి బియ్యం, మరపట్టినవి - 0.06
* పచ్చి బియ్యం, దంపుడు - 0.21
* ఉప్పుడు బియ్యం, మరపట్టినవి - 0.21
* జొన్నలు - 0.37
* రాగులు - 0.42

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి వంటి తెలంగాణ జిల్లాలవారికీ ఈ అంకెలు ఉపయోగకరం. యాసంగి వడ్లను పచ్చిగా మరపడితే నూక ఎక్కువ అవుతుంది కనుక తెలంగాణలో వాటిని ఎక్కువగా ఉప్పుడు బియ్యం చేసి ఇతర రాష్ట్రాలకు పంపుతారు. ఇక్కడి ఇళ్ళలో వండుకునేది ఎక్కువగా పచ్చి బియ్యమే. ఒకప్పుడు ఈ ప్రాంతాలలో విరివిగా తిన్న జొన్నలలో మరపట్టిన పచ్చి బియ్యం కంటే ఆరు రెట్లు బి1 ఉంది.

కరువు విచారణ

1943 నాటి బెంగాలు కరువుపై జాన్ వుడ్‌హెడ్ అధ్యక్షతన నియమించిన విచారణ సంఘంలో ఆక్రాయిడ్ సభ్యుడు. తెలుగువాడైన శొంఠి వెంకట రామమూర్తి మరొక సభ్యుడు. కరువులో 15 లక్షలమంది మరణించారన్న సంఘపు అంచనా ఆక్రాయిడ్ లెక్క మీద ఆధారపడినది. దారుల పక్కన పడి చనిపోయినవారిని తగినంతగా లెక్కించలేదనీ, ఆ సంఖ్య వాస్తవం కంటే తక్కువేననీ 1974లో తన కరువుల చరిత్ర గ్రంథంలో ఆయనే ఒప్పుకున్నాడు.

ఆక్రాయిడ్ సూత్రం

1957లో జరిగిన 15వ భారత కార్మిక సదస్సు, కనీస వేతనంలో ఆహారపు ఖర్చును ఆక్రాయిడ్ సిఫారసుల ప్రకారం లెక్కకట్టాలని నిర్ణయించింది. కేంద్ర ప్రభుత్వోద్యోగుల కనీస వేతనాన్ని 18,000 రూపాయలుగా సూచించిన ఏడవ వేతన సంఘం కూడా ఈ పద్ధతినే అనుసరించింది.

చివరి సంవత్సరాలు

1946 నుండి 1960 వరకు ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థలో పోషకాహార విభాగానికి అధిపతిగా ఉన్నాడు. 1979లో మరణించాడు. కూనూరు పరిశోధనాలయం 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఆ సంస్థ 2017లో 528 ఆహారపదార్థాలను తిరిగి కొలిచి కొత్త పట్టికలను ప్రచురించింది.