చిన్న పనిలో నమ్మకత్వము: సెబాస్టియన్ బాఖ్ జీవితము

ధ్యాన భాగములు: 2 దినవృత్తాంతములు 5:11-14, లూకా 16:10



జర్మనీ దేశమందలి ఐసెనాఖ్ పట్టణమున 1685వ సంవత్సరము మార్చి 21న యోహాన్ సెబాస్టియన్ బాఖ్ జన్మించెను. లూథరు క్రొత్త నిబంధనను జర్మను భాషలోనికి తర్జుమా చేసిన కోట ఆ పట్టణమునకు పైనున్న కొండమీదనే యున్నది. పది యేండ్లు నిండకమునుపే బాఖ్ తల్లియు తండ్రియు చనిపోయిరి. దేవాలయములో ఆర్గన్ వాయించు అన్నగారు అతనిని చేరదీసి, సంగీతము నేర్పెను.

1717లో బాఖ్ కోతెన్ సంస్థానమున రాజుగారి సంగీతాధికారిగా చేరెను. అక్కడి ఆరాధనలో సంగీతమునకు చోటు తక్కువ. గనుక అతడు హార్ప్సికార్డు మొదలగు వాద్యములకే యెక్కువగా సంగీతము కూర్చెను. 1719లో రాజుగారి కొరకు బెర్లిన్ నుండి రెండు వరుసల మెట్లుగల పెద్ద హార్ప్సికార్డును తెచ్చెను.

ఈ వాద్యమును మనలో చూచినవారు అరుదు. పైకి హార్మోనియమువలె మెట్లుండును. లోపల వీణవలె లోహపు తంతులుండును. మెట్టు నొక్కగా దాని వెనుక కొన లేచి, పైన నిలిచియున్న పలుచని కొయ్యపుల్లను లేపును. ఆ పుల్లకు గ్రుచ్చిన కాకి యీక ముక్క, వీణను మీటు గోరువలె, తంతిని మీటి పలికించును. వ్రేలు తీయగా పుల్ల దిగును. అప్పుడు ఈక మరల మీటకుండ వెనుకకు తప్పుకొనును. పుల్లకున్న గుడ్డపేలిక తంతికి తగిలి నాదమును ఆపును. ఆ నాదము తేటగా మ్రోగి త్వరగా సన్నగిల్లును. హార్మోనియముమీద వలె స్వరమును పట్టి నిలుపుటకు వీలులేదు. ఎంత గట్టిగా కొట్టినను ధ్వని పెరుగుట బహు స్వల్పము. బలవంతునికిని బాలునికిని ఒక్కటే ధ్వని. ప్రతి స్వరమును వేళకు సరిగా పలికించుటయే నేర్పు.

ఈకలు అరుగును, తంతులు శ్రుతి తప్పును. రాజాస్థాన సంగీతాధికారియైనను బాఖ్ తన వాద్యమునకు ఈకలు తానే అమర్చుకొని, శ్రుతి తానే చేసికొనెడివాడు.

1720లో అతడు రాజుగారివెంట కార్ల్స్‌బాద్ వెళ్లెను. ఆరోగ్యముగా విడిచి వెళ్లిన భార్య మరియ బార్బరా, అతడు తిరిగి వచ్చునప్పటికి సమాధి చేయబడియుండెను. ఇంట అడుగుపెట్టిన పిమ్మటనే ఆ సంగతి తెలిసెను. తల్లిలేని బిడ్డలు నలుగురు. ఆ యేడు జనవరిలో పెద్దకుమారుని కొరకు సంగీత పాఠపుస్తకమొకటి ప్రారంభించి, మొదట యేసు నామమును తలంచు అక్షరములు వ్రాసియుండెను. దుఃఖము వచ్చినను ఆ పుస్తకము మూయబడలేదు. తరువాతి సంవత్సరములలోను అందులో పాఠములు చేరుచు వచ్చెను. 1721లో ఆన్నా మగ్దలేనాను వివాహమాడెను. 1722లో నేర్చుకొను యౌవనుల కొరకు కూర్చిన గొప్ప గ్రంథమును ముగించెను. దానిని నేటికిని అనేక దేశముల విద్యార్థులు సాధన చేయుచున్నారు.

1723 మొదలు మరణమువరకు లైప్‌జిగ్ పట్టణమున పరిశుద్ధ తోమా దేవాలయ సంగీతమును నడిపించెను. తన ఆరాధన సంగీతములు అనేకములకు మొదట యేసు సహాయమును వేడు అక్షరములును, చివర మహిమ దేవునికేయను అర్థమిచ్చు మూడక్షరములును వ్రాసెను. అతని వ్యాఖ్యాన బైబిలు నేడు అమెరికాలోని సెయింట్ లూయీ పట్టణపు వేదాంత కళాశాలలో నున్నది. పైన చెప్పిన దినవృత్తాంతముల భాగము ప్రక్కన, భక్తిగల సంగీతమందు దేవుడు తన కృపతో సన్నిధియైయుండునను భావము అతడు స్వహస్తముతో వ్రాసికొనెను. 1750లో కంటి శస్త్రచికిత్సల పిమ్మట చూపు పోయి, జూలై 28న 65వ యేట మరణించెను.

ప్రియులారా, కాకి యీకను మనము త్రోవలో చూచి దాటిపోవుదుము. సరిగా కోసి, తన చోట అమర్చగా అది తంతిని పలికించెను. అమర్చు శ్రమ మాత్రము ఎవరో పడవలెను. దీపము తుడుచువారు, చాపలు పరచువారు, పిల్లలకు వాక్యము నేర్పువారు మన సంఘములలోనున్నారు. వారి పని చిన్నదని యెంచకుడి. దుఃఖదినమందును మన చేతిపనిని విడువక, దాని చివర దేవుని మహిమను వ్రాయు కృపను ప్రభువు మనకు దయచేయునుగాక. ఆమేన్.